ఉప్పు చిత్తడి నేలల్లో మట్టి నమూనా తీసి పరీక్షించడం ఎలా?

సముద్రపు పోటు ఎక్కి దిగే ఉప్పు చిత్తడిలో మట్టి ఎలా తీయాలి, తీశాక ఏ పరీక్ష ముందు చేయాలి అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: ఈ మట్టి గాలి తగలగానే మారిపోవడం మొదలుపెడుతుంది. పొలం మట్టినైతే సంచిలో వేసి, తీరిక దొరికినప్పుడు ఆరబెట్టి, దంచి, జల్లించి ల్యాబుకు పంపొచ్చు. దీన్ని అలా పంపితే వచ్చే అంకెలు ఆ చిత్తడివి కావు, మీ సంచిలో తయారైన మరో మట్టివి.

కారణం తెలిస్తే పని తేలికవుతుంది. నీరు నిండి ఆక్సిజన్ అందని బురదలో కొన్ని సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని బతుకుతాయి. అప్పుడు పుట్టే సల్ఫైడు మట్టిలోని ఇనుముతో కలిసి ముందు నల్లటి ఐరన్ సల్ఫైడుగా, తర్వాత పైరైటు అనే ఖనిజంగా మారుతుంది. అదే మట్టిని గాలిలో పెడితే సల్ఫైడు కాస్తా సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. అందుకే కింది వరస అంతా కాలాన్ని బట్టి పెట్టాను. నిమిషాల్లో మారేవి ముందు, గంటల్లో మారేవి ఆ తర్వాత, నిదానంగా చూసుకోదగ్గవి చివర.

1. ఏం తెలుసుకోవాలో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్నను కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. ఎంత లోతు తీయాలో, ఏ పనిముట్టు వాడాలో అదే చెబుతుంది.

- మొక్కలు ఎందుకు చనిపోతున్నాయి? వేర్లుండే పై 30 సెంటీమీటర్లలో ఉప్పు, నీటి నిల్వ, సల్ఫైడు చూడాలి.
- కార్బన్ ఎంత ఉంది? కనీసం 1 మీటరు లోతు దాకా, ఘనపరిమాణం కచ్చితంగా తెలిసిన ముక్కలు కావాలి.
- తవ్వకం జరగబోతోందా? ఆమ్లం పుట్టే ప్రమాదం చూడాలి. తవ్వే లోతు కంటే కనీసం ఇంకో మీటరు కిందికి వెళ్లాలి.

2. చోట్లు ఎంచుకోవడం

దూరం నుంచి చిత్తడి అంతా ఒకేలా కనిపిస్తుంది. మట్టి మాత్రం అడుగడుక్కీ మారుతుంది. పోటు నీరు పాయ గట్టు దాటగానే వేగం తగ్గి, బరువైన రేణువులు అక్కడే దిగిపోతాయి. అందుకని గట్టు కాస్త ఎత్తుగా, ఇసుక, ఒండ్రు కలిసి, నీరు ఇంకేలా ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ బంకమన్ను, వేర్ల పీచు పెరుగుతాయి. నీరు నిలిచి ఎండిపోయే పల్లాల్లో ఉప్పు పేరుకుని సముద్రపు నీటినే మించిపోతుంది.

పాయ గట్టు నుంచి మెరక దాకా, పాయకు అడ్డంగా ఒక గీత అనుకోండి. ఆ గీత మీద గట్టు, రోజూ మునిగే దిగువ చిత్తడి, పెద్ద పోట్లకే మునిగే ఎగువ చిత్తడి, ఉప్పు పల్లం, మెరక అంచు అన్నీ తగలాలి. వీటిలో ఒక్కో భాగంలో కొన్ని మీటర్ల ఎడంతో కనీసం 3 కోర్లు (నేలలోకి గొట్టం దించి నిలువుగా తీసే మట్టి కడ్డీలు) తీయండి. ఒక్క కోర్‌తో తేల్చేస్తే అది ఎండ్రకాయ బొరియ మీద పడిందో, పాత పాయ పూడిన చోట పడిందో ఎప్పటికీ తెలియదు.

ప్రతి చోటా నేల ఎత్తు కొలవండి. ఇక్కడ 10 సెంటీమీటర్ల తేడా కూడా ఏడాదిలో ఎన్నిసార్లు మునుగుతుందో మార్చేస్తుంది. మామూలు జీపీఎస్ ఎత్తు చూపిస్తుంది గానీ అది మీటర్లలో తప్పుతుంది. లెవెలింగ్ పరికరంతో ఒక స్థిరమైన గుర్తు నుంచి కొలవడమే నమ్మకం.

చాలా చిత్తడులు రక్షిత ప్రాంతాలు. అనుమతి చేతిలోకి వచ్చాకే తేదీ పెట్టుకోండి. పక్షులు గూళ్లు పెట్టే కాలం వదిలేయండి.

3. రోజు, సమయం

పోట్ల పట్టిక చూడకుండా బయల్దేరొద్దు. ఎక్కువ తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి నిన్నటి సమయానికి ఈరోజు దాదాపు 50 నిమిషాలు కలపాలి.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటు బాగా లోతుకు దిగుతుంది, పోటు కూడా అంతే ఎత్తుకు ఎక్కుతుంది. పాయ అంచున, దిగువ చిత్తడిలో పని ఉంటే ఆ రోజుల ఆటు మంచిది. ఎగువ చిత్తడికైతే అష్టమి దగ్గర రోజులు హాయి. నీరు అంత ఎత్తుకు రాదు, టెన్షన్ లేకుండా పని చేసుకోవచ్చు.

ఆటు పూర్తిగా దిగే సమయానికి 2 గంటల ముందు అక్కడుండండి. నీరు వెనక్కి తిరిగిందంటే సామాను సర్దాల్సిందే. పోటు ముందు పాయల్లోకి ఎక్కుతుంది. మీరు నిలబడ్డ చోటు పొడిగానే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి మాత్రం అప్పటికే మునిగి ఉంటుంది. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకండి.

4. సామాను

- కోరర్: మెత్తటి, పీచు మట్టికి పక్కకు తెరుచుకునే అరగొట్టం రకం. గట్టి మట్టికి గౌజ్ ఆగర్ (ఒక పక్క తెరిచి ఉండే గొట్టం). రెండూ లేకపోతే అంచు పదును పెట్టిన పీవీసీ గొట్టం, దానికి గాలి చొరని బిరడా
- కొలత టేపు, సన్నటి రంపపు కత్తి, పొడవాటి ట్రే
- పీహెచ్ మీటరు (ఆమ్లత కొలిచేది), ఈసీ మీటరు (ఉప్పును బట్టి మారే విద్యుత్ వాహకత కొలిచేది), వాటిని సరిచూసే ప్రమాణ ద్రావణాలు
- మన్సెల్ రంగుల పుస్తకం (మట్టి రంగును పోల్చి చూసే నమూనా రంగులు ఉండేది)
- 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చుక్కల సీసాలో
- గాలి చొరని సంచులు, చెరగని మార్కర్, ఐసు పెట్టె
- అడుగున వేసుకోవడానికి ప్లైవుడ్ పలకలు రెండు
- చేతి తొడుగులు, కళ్లద్దాలు, తాగే నీళ్లు, విజిల్

ప్లైవుడ్ పలకలు బరువని చాలామంది వదిలేస్తారు. తీసుకెళ్లండి. మిమ్మల్ని బురదలో దిగబడకుండా కాపాడతాయి, మీ కాళ్ల కింద చిత్తడి నలగకుండానూ చూస్తాయి. తొక్కిన బురద కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

5. కోర్ తీయడం

ముందు మొక్కలను నేల మట్టానికి కత్తిరించండి, పీకొద్దు. పైనున్న ఎండుటాకు పక్కకు తీసి, దాని కింది మెత్తటి ఒండ్రు పొర చెదరకుండా చూడండి. ఈ మధ్య పోట్లు తెచ్చి వేసిన మట్టి అదే.

అరగొట్టం కోరర్‌ను మూసి ఉంచి నిటారుగా దించండి. కావాల్సిన లోతు చేరాక సగం చుట్టు తిప్పితే పక్క నుంచి మట్టిని కోసుకుని మూసుకుంటుంది. మట్టిని పైనుంచి అదమదు కాబట్టి నలగడం దాదాపు ఉండదు. ఒక గొయ్యిలో ఒక లోతు, రెండో లోతుకు పక్క గొయ్యి, మళ్లీ మొదటి గొయ్యి, ఇలా మార్చి మార్చి తీయండి. లేకపోతే కోరర్ మొన చెదరగొట్టిన మట్టే తర్వాతి నమూనాలో వస్తుంది.

పీవీసీ గొట్టం వాడితే మట్టి నలుగుతుంది, ఎంత నలిగిందో తప్పనిసరిగా కొలవాలి. గొట్టం పూర్తిగా దిగాక, పైకి లాగకముందే, గొట్టం బయట నేల ఎక్కడుందో, లోపల మట్టి ఎక్కడుందో రెండూ పై అంచు నుంచి కొలవండి. గొట్టం 100 సెంటీమీటర్లు దిగి, లోపల మట్టి 88 సెంటీమీటర్లే ఉంటే నలుగుడు 12 శాతం. ఆ తర్వాత పై రంధ్రాన్ని బిరడాతో బిగించి మెల్లగా తిప్పుతూ లాగండి. బిరడా వదులైతే అడుగు మట్టి జారి గొయ్యిలోనే ఉండిపోతుంది.

6. మొదటి పది నిమిషాలు

కోర్ తెరిచాక ఇక మాటలొద్దు, పని చేయాలి. కత్తితో పై పొర పల్చగా చెక్కి తాజా ముఖం బయటపెట్టండి, టేపు పక్కన పెట్టి ఫొటో తీయండి. తర్వాత ఈ వరసలో వెళ్లండి.

రంగు. తెరిచిన క్షణంలో సిరాలా నల్లగా మెరిసే బురద మీ కళ్ల ముందే వెలిసి బూడిద రంగుకు, అంచుల్లో గోధుమ రంగుకు దిగుతుంది. ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి, ఈ వ్యాసం మొత్తం అర్థమవుతుంది. తాజా రంగును వెంటనే, తడిగా ఉండగానే మన్సెల్ పుస్తకంతో పోల్చి రాయండి. 30 నిమిషాల తర్వాత మళ్లీ అదే చోట చూడండి. రంగు మారితే, ఇనుము ఆక్సిజన్ లేని స్థితిలో ఉండిందని అర్థం.

తుప్పు గీతలు. బతికున్న వేరు చుట్టూ నారింజ రంగు గొట్టంలా కనిపిస్తే సంతోషించండి. మొక్క తన కాండంలోని గాలి గదుల గుండా వేరుకు ఆక్సిజన్ పంపుతోంది, అందులో కొంత బయటికి వచ్చి వేరు చుట్టూ ఉన్న ఇనుమును తుప్పు పట్టించింది. చచ్చిన వేరు చుట్టూ ఉంటే అది పాత గుర్తు, ఇప్పటి సంగతి చెప్పదు. కాబట్టి వేరు బతికుందా లేదా అన్నది కూడా రాయాలి.

వాసన. కుళ్లిన గుడ్డు వాసన ఏ లోతులో మొదలైందో రాయండి. వాసన లేకపోయినా నల్లగా ఉన్న చోట ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. గుప్పున వాసన వస్తే అది ఐరన్ మోనోసల్ఫైడు, ముందు చెప్పిన నల్లటి ఐరన్ సల్ఫైడే. వాసన రాకుండా బుసబుసా పొంగితే గవ్వల సున్నం. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చకండి, చేత్తో గాలి విసురుకోండి. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియకుండా పోతుంది, అందుకే నమూనాల సంచులు మూసి ఉన్న గదిలో వరసగా విప్పొద్దు.

పీహెచ్. కోర్‌లో 10 సెంటీమీటర్లకొకసారి ఎలక్ట్రోడును నేరుగా తడి మట్టిలో గుచ్చి చూడండి. బాగా మునిగే మట్టిలో సాధారణంగా 7కు అటూ ఇటూ ఉంటుంది. ప్రతి కొలతకూ మధ్య శుభ్రమైన నీళ్లతో కడగండి.

పిడికిలి పరీక్ష. గుప్పెడు మట్టి తీసుకుని పిండండి. వేళ్ల సందుల్లోంచి తేలిగ్గా జారిపోయిందా, కష్టంగా జారిందా, అసలు జారలేదా? జారేదైతే ఆ పొర ఎన్నడూ ఎండి గట్టిపడలేదు, మనిషి బరువు కూడా మోయదు. మీ నడకదారి కూడా దీన్ని బట్టే ఎంచుకోండి.

పీచు. నల్లగా, తేలిగ్గా ఉండే సేంద్రియ పొర దొరికితే వేళ్ల మధ్య నలిపి చూడండి. నలిపాక పీచు నాలుగింట మూడు వంతులు మిగిలితే కుళ్లడం ఇంకా మొదట్లోనే ఉంది. ఆరో వంతు కంటే తక్కువ మిగిలితే బాగా కుళ్లింది.

రెడాక్స్ మీటరు (మట్టిలో ఆక్సిజన్ లేమి ఎంత తీవ్రంగా ఉందో మిల్లీవోల్టుల్లో చూపేది) ఉంటే ఒక మాట. అది చూపించే అంకెను ఉన్నదున్నట్టు రాయకండి. సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సు ఎలక్ట్రోడు అయితే సుమారు 200 మిల్లీవోల్టులు కలపాలి. సల్ఫేటు నుంచి సల్ఫైడు పుట్టే మట్టిలో దిద్దిన అంకె సున్నా కిందికి, 100 నుంచి 200 దాకా దిగుతుంది. రెండు వేళ్ల ఎడంలోనే అంకెలు మారిపోతాయి కాబట్టి ఒక లోతులో మూడు నాలుగు ఎలక్ట్రోడులు పెట్టి సగటు తీసుకోండి.

7. కోసి, మూసి, చల్లబరచడం

కోర్‌ను 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. పొర స్పష్టంగా మారే చోట ముక్కను అక్కడే ఆపండి, రెండు పొరలు ఒక సంచిలో కలపొద్దు. సంచిలోంచి గాలంతా ఒత్తి తీసేసి మూయండి. ఐసు పెట్టెలో పెట్టి, సల్ఫైడు పరీక్ష చేయాల్సిన ముక్కలను 24 గంటల్లోపు గడ్డకట్టించండి.

సంచి మీద రాసేవి: చోటు, కోర్ నంబరు, పై లోతు, కింది లోతు, తేదీ, సమయం. లోపల ఇంకో చీటీ వేయండి. తడి చేతులతో మార్కర్ రాతలు చెరిగిపోతాయి.

నేను మొదట్లో ఒక సంచి మూత సరిగ్గా బిగించకుండా గది మూల మరచిపోయాను. తీసిన రోజు 7.1 ఉన్న పీహెచ్ ఆరు వారాలకు 3.4కు పడిపోయింది. మట్టి మీద ఎండుగడ్డి రంగు పసుపు పొడ కూడా తేలింది. అది జారొసైటు, ఆమ్లం పుట్టిందని చెప్పే ఖనిజం. ఆ ఒక్క సంచితో ఒక చోటు లెక్క మొత్తం పోయింది, మళ్లీ వెళ్లి తీయాల్సి వచ్చింది.

8. ఆమ్లం పుడుతుందా? రెండు పరీక్షలు

*పెరాక్సైడ్ పరీక్ష, అదే రోజు.* 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకుని, కొద్దికొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతూ దాని పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్యకు తెచ్చుకోండి. కొన్నప్పుడు అది స్వతహాగా ఆమ్లంగానే ఉంటుంది, ఇలా సరిచేయకపోతే ప్రతి మట్టీ ఆమ్లంగానే కనిపిస్తుంది.

1. అర చెంచా మట్టిని వేడిని తట్టుకునే గాజు గొట్టంలో వేయండి.
2. పెరాక్సైడ్ కొన్ని మిల్లీలీటర్లే పోయండి. ముఖం దూరంగా ఉంచండి. మూత పెట్టొద్దు.
3. పొంగు, ఆవిరి, రంగు ఎలా ఉన్నాయో రాయండి. ఒక్కోసారి మరిగేంత వేడెక్కుతుంది.
4. పొంగు ఆగి చల్లబడ్డాక పీహెచ్ చూడండి.

చివరి పీహెచ్ 3 కంటే దిగి, చిత్తడిలో తాజాగా చూసిన దానికంటే 1కి మించి తగ్గి, పొంగు కూడా బలంగా ఉంటే సల్ఫైడు ఉన్నట్టే. పొంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. సేంద్రియ పదార్థం, మాంగనీసు కూడా పెరాక్సైడ్‌ను పొంగిస్తాయి. మట్టిలో గవ్వలుంటే ఉల్టా జరుగుతుంది: సల్ఫైడు ఉన్నా సున్నం ఆమ్లాన్ని మింగేసి పీహెచ్ దిగదు. అందుకే మొదట వేసిన ఆమ్లపు చుక్క ఫలితం దగ్గర పెట్టుకోవాలి.

*నిల్వ పరీక్ష, 16 వారాలు.* ఓపిక కావాలి, కానీ నేను ఎక్కువ నమ్మేది దీన్నే. మట్టిని 1 సెంటీమీటరు మందం పొరగా పరిచి, గది వేడిలో, తడి ఆరకుండా, నీరు నిలవకుండా ఉంచండి. వారానికోసారి పీహెచ్ చూడండి. కనీసం 0.5 తగ్గి 4 లేదా అంతకంటే కిందికి చేరితే అది సల్ఫైడు మట్టి. పూర్తిగా ఎండనిస్తే చర్య ఆగిపోతుంది, నీళ్లలో ముంచితే గాలి అందదు. ఈ పరీక్ష విఫలమయ్యేది చాలావరకు ఈ తడి దగ్గరే.

9. ఉప్పు కొలవడం

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చిత్తడి మట్టిలోని నీరు వాన, ఎండ, పోటును బట్టి దీనికి అటూ ఇటూ తిరుగుతుంది. కాబట్టి మట్టి కంటే మట్టిలోని నీటిని కొలవడమే సూటి దారి. తడి మట్టిని వడపోత కాగితం పెట్టిన సిరంజిలో వేసి పిండండి, నాలుగు చుక్కలు రిఫ్రాక్టోమీటరు (కాంతి వంపును బట్టి నీటిలో ఉప్పు చూపే చిన్న పరికరం) మీద వేస్తే చాలు.

పిండినా నీరు రాని మట్టికి 1:5 పద్ధతి వాడండి, ఒక వంతు పొడి మట్టికి ఐదు వంతుల నీరు. ఇక్కడ అందరూ తప్పే చోటు ఒకటుంది. 10 గ్రాముల తడి మట్టిలో 6 గ్రాములు నీరే అయితే పొడి మట్టి 4 గ్రాములు. మొత్తం కావాల్సిన నీరు 20, అందులో 6 ముందే ఉంది. కాబట్టి కలపాల్సింది 14 గ్రాములే, 50 కాదు.

1:5లో వచ్చిన ఈసీని పొలం మట్టి పట్టికలతో నేరుగా పోల్చొద్దు. మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే చౌడు నేల అనే హద్దు, నీటితో ముద్ద చేసి తీసిన సారానిది.

10. సాంద్రత, సేంద్రియ పదార్థం, కార్బన్

ఇవి తొందర లేని పనులు. ముక్కను 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు మారకుండా ఆగేదాకా ఆరబెట్టండి. పొడి బరువును తాజా ముక్క ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. తర్వాత కొంత పొడిని కొలిమిలో 550 డిగ్రీల దగ్గర 4 గంటలు కాల్చితే, తగ్గిన బరువే సేంద్రియ పదార్థం.

ఒక ముక్కతో లెక్క చేసి చూద్దాం. కోరర్ అరగొట్టం వ్యాసం 5, ముక్క పొడవు 5 సెంటీమీటర్లు. ఘనపరిమాణం 49.1 ఘన సెంటీమీటర్లు. పొడి బరువు 19.6 గ్రాములు వస్తే సాంద్రత 0.40. కాల్చినప్పుడు 15 శాతం తగ్గింది.

పాత అలవాటుగా 0.58తో గుణిస్తే కార్బన్ 8.7 శాతం వస్తుంది. ఉప్పు చిత్తడి మట్టి మీద తయారైన సూత్రం వేరే ఉంది: తగ్గిన శాతాన్ని 0.40తో గుణించి, అదే శాతం వర్గాన్ని 0.0025తో గుణించి, రెండూ కలపాలి. అప్పుడు 6 + 0.56, అంటే 6.56 శాతం. ఒక్క గుణకం తేడాకే మూడో వంతు ఎక్కువ చూపించేవాళ్లం. ఏ సూత్రం వాడారో తప్పకుండా రాయండి. వీలైతే మీ చిత్తడి ముక్కలు కొన్నింటిని కార్బన్ ఎనలైజర్‌లో పెట్టించి సొంత గుణకం తయారు చేసుకోండి. గవ్వలున్న మట్టిని ముందు ఆమ్లంతో శుద్ధి చేయాలి, లేకపోతే సున్నంలోని కార్బన్ కూడా కలుస్తుంది.

హెక్టారుకు (సాంద్రత × కార్బన్ వంతు × పొర మందం × హెక్టారుకు టన్నుల్లోకి మార్చే 100): 0.40 × 0.0656 × 5 × 100 = 13.1 టన్నులు, ఈ 5 సెంటీమీటర్ల పొరకు. అన్ని పొరలూ కూడితే మొత్తం.

ఉప్పు బరువు మరవొద్దు. 100 గ్రాముల తడి మట్టిలో 60 గ్రాముల నీరు ఆవిరై 40 మిగిలిందనుకోండి. ఆ నీరు సముద్రపు నీరంత ఉప్పనైతే మిగిలిన 40లో 2 గ్రాములకు పైగా ఉప్పే.

11. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

- *కోరర్ ఖాళీగా వచ్చింది.* మట్టి మరీ జారుగా ఉంది లేదా బిరడా వదులైంది. కొత్త చోట, ఇంకా మెల్లగా దించి తీయండి.
- *వేర్ల చాప దగ్గర కోరర్ ఆగిపోయింది.* సుత్తితో కొట్టకండి. ముందు రంపపు కత్తితో గుండ్రంగా కోసి, ఆ గాడిలో దించండి.
- *బంకమన్ను ఉన్నా ల్యాబు రిపోర్టులో ఒండ్రు అని వచ్చింది.* ఉప్పు బంక రేణువులను గుంపుగా అతికిస్తుంది. రేణువుల పరీక్షకు ముందు ఉప్పును కడగమని ల్యాబుకు రాసి చెప్పండి.
- *పీహెచ్ అంకె నిలవడం లేదు.* ఎలక్ట్రోడుకు సల్ఫైడు పట్టింది. శుభ్రం చేసి ప్రమాణ ద్రావణాల్లో మళ్లీ సరిచూడండి, ఆ తర్వాతి కొలతలు మళ్లీ తీయండి.
- *పక్కపక్క కోర్లు పొంతన లేకుండా ఉన్నాయి.* సగటు తీసే ముందు నేల ఎత్తులు, ఫొటోలు చూడండి. తరచూ ఒకటి బొరియ మీదో, పూడిన పాయ మీదో పడి ఉంటుంది.
- *ఐసు కరిగిపోయింది.* పీహెచ్, సల్ఫైడు ఫలితాలను పక్కన పెట్టండి. సాంద్రతకు ఆ ముక్కలు ఇంకా పనికొస్తాయి.

12. వెనక్కి వచ్చే ముందు

మిగిలిన మట్టిని తీసిన గొయ్యిలోనే, కింది మట్టి కిందికి, పై మట్టి పైకి వచ్చేలా నింపండి. నల్ల బురదను మెరక గట్టు మీద కుప్పపోయొద్దు. అది నీటి కింద ఉన్నంతకాలం పేచీ లేదు, గట్టు మీద ఎండితే ఆమ్లమై వానకు మళ్లీ పాయలోకే కారుతుంది. పలకలు ఎత్తాక అడుగున పడుకున్న మొక్కలను చేత్తో లేపి, గొయ్యి ఉన్న చోటు జీపీఎస్ గుర్తు రాసుకోండి. మళ్లీ వచ్చినప్పుడు ఆ గొయ్యికి కనీసం ఒక మీటరు ఎడంగా తీయాలి.